ఆ రాత్రి అక్కడికి ఎందుకు వెళ్ళారు?

2025 డిసెంబరు 6వ తేదీ శనివారం రాత్రి ఉత్తర గోవాలోని అర్పోరా గ్రామంలో ‘బిర్చ్ బై రోమియో లేన్’ అనే నైట్‌క్లబ్బు తగలబడి 25 మంది మరణించారు. లోపల నృత్య కార్యక్రమం జరుగుతుండగా కాల్చిన బాణసంచా నిప్పురవ్వలు పైకప్పుకు అంటుకున్నాయని అధికారులు చెప్పారు. మరుసటి రోజునుండి మన మహల్లాలలో, టీ హోటళ్ళలో, చివరకు మస్జిదు మెట్ల మీద కూడా ఒకటే మాట వినిపించింది. “తాగి చిందులు వేయడానికి వెళ్ళినవారికి సర్కారు డబ్బులివ్వడమేమిటి? అసలు ఆ రాత్రి వాళ్ళు అక్కడికి ఎందుకు వెళ్ళినట్లు?”

ఈ ప్రశ్న అడిగినవారిలో చాలామందికి ఒక సంగతి తెలియదు. మరణించిన 25 మందిలో 20 మంది అక్కడికి చిందులు వేయడానికి వెళ్ళలేదు. వారు ఆ క్లబ్బులో పనివారు. వంటవారు, గిన్నెలు కడిగేవారు, వడ్డించేవారు, కాపలాదారులు. జార్ఖండ్, ఉత్తరాఖండ్, అస్సాం వంటి రాష్ట్రాలనుండి, నేపాల్‌నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. పొగ కమ్ముకున్నప్పుడు చాలామంది క్రింది భాగంలోని వంటశాల వైపు చిక్కుకుని ఊపిరాడక చనిపోయారు. పర్యాటకులుగా వచ్చి మరణించినవారు 5 మంది. కనుక “ఎందుకు వెళ్ళారు” అన్న ప్రశ్నకు 20 ఇళ్ళలో జవాబు ఒక్కటే: జీతానికి వెళ్ళారు.

అయితే మిగిలిన ఆ 5 గురి మాటేమిటి? వారు వినోదానికే వెళ్ళారు. వారి కుటుంబాలు పరిహారం అడిగితే అది తప్పా? మనం ఇష్టపడని చోటికి వెళ్ళి ప్రమాదానికి గురైన మనిషికి హక్కు ఉంటుందా, ఉండదా? ఈ ప్రశ్నను మనం చర్చించడం లేదు. ముఖం చిట్లించి దాటవేస్తున్నాము.

ఇదేదో గోవాకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ వద్ద ‘పుష్ప-2’ ప్రీమియర్ ఆటకు హీరో రాగా తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణాలు కోల్పోయింది. ఆమె కుమారుడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పుడు కూడా జనం మొదట అడిగింది ద్వారాలు ఎన్ని తెరిచారని కాదు, పోలీసులు ఎందరున్నారని కాదు. “చిన్నపిల్లలను తీసుకుని ఆ వేళప్పుడు సినిమాకు పోవడమేమిటి” అని. తరువాత హీరో 1 కోటి, నిర్మాతలు 50 లక్షలు, దర్శకుడు 50 లక్షలు కలిపి 2 కోట్ల రూపాయలు ప్రకటించగానే అదే నోళ్ళు “ఇంకేమి కావాలి” అన్నాయి. మొదటి మాటలో జాలి లేదు. రెండవ మాటలో న్యాయం లేదు. ఎందుకంటే ఆ 2 కోట్లు చట్టం ఇప్పించినవి కావు. ఒక ప్రసిద్ధ వ్యక్తి ముఖం అక్కడ ఉన్నందున వచ్చినవి. అదే రాత్రి, అదే తొక్కిసలాట, హీరో రాని ఏదో చిన్న పట్టణపు థియేటర్‌లో జరిగి ఉంటే ఆ కుటుంబం చేతిలో ఎంత పడేది?

దూరదేశాలలోనూ ఇదే ధోరణి ఉంది. 2022 అక్టోబరు 29 రాత్రి దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఇతేవాన్ సందులో జనం క్రిక్కిరిసి 159 మంది బలయ్యారు. ఎక్కువమంది యువతీయువకులే. పండుగ సరదాకు పోయి చచ్చిన వారికోసం దేశం ఎందుకు ఏడవాలి అని అక్కడ బహిరంగంగానే అన్నారు. ఆ తల్లిదండ్రులు వీధులలో కూర్చుని పోరాడితే గాని 2024లో దర్యాప్తు కోసం ప్రత్యేక చట్టం రాలేదు.

ఇక మన సంగతి. ముస్లిం కుటుంబాలలో ఈ ధోరణి మరింత గట్టిగా ఉండడానికి కారణం ధర్మమే అని చాలామంది అనుకుంటారు. మద్యం హరామ్, ఆ మజ్లిసు హరామ్, కనుక అక్కడ జరిగిన నష్టానికి హక్కు అడగడం కూడా హరామే అన్నట్లు మాట్లాడతారు. జీవితంలో 30 ఏళ్ళకు పైగా ఫిఖ్హ్ పుస్తకాలు పిల్లలకు బోధించినవారముగా మేము చెప్పవలసింది ఏమంటే, ఈ తర్కానికి షరీఅత్‌లో ఆధారం లేదు. గుణాహ్ వేరు, జమానత్ వేరు. అనగా పాపం మనిషికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న విషయం. నష్టపరిహారపు బాధ్యత మనిషికీ మనిషికీ మధ్య ఉన్న విషయం. పాపం చేస్తున్నవాని ప్రాణం ఆ ఘడియలో విలువలేనిది అయిపోదు. తాగి ఉన్నవాడిని ఎవరైనా పొరపాటున బండి క్రింద తొక్కితే, “అతడు తాగి ఉన్నాడు గదా” అని చెప్పి దియత్‌నుండి తప్పించుకోలేడు. దివ్యఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 92వ ఆయత్ పొరపాటున జరిగిన హత్య గురించి చెబుతూ, మృతుని వారసులకు దియత్ చెల్లించాలని, వారు తమంతట తాము వదులుకుంటే తప్ప అది తీరదని నిర్దేశిస్తుంది. మృతుడు ఆ సమయాన ఏ పనిమీద వెళుతున్నాడని అక్కడ అడగలేదు.

మన దేశపు న్యాయస్థానాలు కూడా దాదాపు ఇదే చోటికి వచ్చాయి. ఒక మోటార్‌సైకిల్‌పై ముగ్గురు వెళుతుండగా కారు ఢీకొని ఒకరు మరణించిన కేసులో, ముగ్గురు ఎక్కడం తప్పు గనుక పరిహారంలో కొంత కోత పెట్టాలని క్రింది న్యాయస్థానం అన్నది. 2020లో సుప్రీంకోర్టు ఆ కోతను కొట్టివేసింది. ముగ్గురు ఎక్కడం నిబంధనకు విరుద్ధమే, కాని ఆ ప్రమాదం జరగడానికి గాని, దెబ్బ పెద్దది కావడానికి గాని అది కారణమైందని నిరూపిస్తేనే కోత పెట్టాలని తీర్పు సారాంశం. మా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన సూత్రం. మనిషి చేసిన ప్రతి తప్పునూ తెచ్చి తక్కెడలో వేయకూడదు. ఆ గాయానికి కారణమైన తప్పునే వేయాలి. క్లబ్బులో కూర్చుని సంగీతం వింటున్నవాడు పైకప్పును తగలబెట్టలేదు. తాగి మెట్లమీద తానే తూలిపడినవాని సంగతి వేరు. అతని వాటా తగ్గుతుంది, ఒక్కొక్కసారి ఏమీ మిగలదు. ఆ తేడాను తేల్చడానికే న్యాయస్థానం ఉంది. మహల్లా పెద్దలు తీర్పు చెప్పవలసిన విషయం కాదది.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాము. మన ఇళ్ళలో అసలు గందరగోళం ఇక్కడే ఉంది. గోవా ఘటన తరువాత ఆ రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 5 లక్షలు, ప్రధానమంత్రి సహాయనిధినుండి 2 లక్షలు ప్రకటించారు. పత్రికలలో ఈ వార్తకు శీర్షికగా ‘పరిహారం’ అనే పెడతారు. అది పరిహారం కాదు. దానిని ఎక్స్‌గ్రేషియా అంటారు. అంటే ఇచ్చేవాడు దయతో ఇచ్చేది. మన మాటలో చెప్పాలంటే అది ఖైరాత్. పరిహారం అంటే హఖ్. ఖైరాత్ ఇచ్చినవానికి దుఆ చేస్తాము, ఇవ్వనివాడిని అడగలేము. హఖ్ అలా కాదు. అప్పు ఇచ్చినవాడు అప్పు తీసుకున్నవాని గుమ్మం ముందు నిలబడినట్లు నిలబడి అడగవచ్చు. ఎక్స్‌గ్రేషియా అందగానే కేసు ముగిసిందని భావించే కుటుంబం ఖైరాత్ తీసుకొని హఖ్‌ను వదిలేసి ఇంటికి పోతున్నది.

ఎంత వదిలేస్తున్నదో లెక్క వేసి చూద్దాము. పనివారికి పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నుండి మన దేశంలో చట్టం ఉంది. 2025 నవంబరు 21 నుండి అది సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది, లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే. మరణం సంభవిస్తే నెల జీతంలో సగం తీసుకుని, దానిని వయసునుబట్టి చట్టంలో ఇచ్చిన సంఖ్యతో గుణిస్తారు. 25 ఏళ్ళవానికి ఆ సంఖ్య 216.91. పాత చట్టం క్రింద లెక్కకు తీసుకునే జీతానికి 2020 నుండి ఉన్న హద్దు 15,000. అంటే 15,000 జీతంతో గిన్నెలు కడిగే 25 ఏళ్ళ కుర్రవాడు మరణిస్తే 7,500 ను 216.91 తో గుణించాలి. 16 లక్షల 26 వేల 825 రూపాయలు. ఇందులో యజమాని నిర్లక్ష్యం నిరూపించవలసిన పని కూడా లేదు. పనిలో ఉండగా, పని కారణంగా జరిగిందని చూపితే చాలు. నియామక పత్రం లేకపోయినా తోటి పనివారి సాక్ష్యం, జీతం పడిన ఫోన్ సందేశం పనికివస్తాయి. పనిచేసిన రాష్ట్రానికే పోవాలని కూడా లేదు, కుటుంబం నివసించే ప్రాంతంలోనే క్లెయిమ్ వేసే వీలుంది. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి ఈ మొత్తానికి బదులు కుటుంబానికి నెలనెలా వచ్చే ఏర్పాటు ఉంది. మన కుర్రవాళ్ళు ఎంతమంది హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, గోవాలోనూ ఇటువంటి చోట్ల వంటవారుగా, బౌన్సర్లుగా, కార్లు పార్కింగ్ చేసేవారుగా ఉన్నారో మీకందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం ‘హోటల్లో పని’ అని చెప్పి ఊరుకుంటారు.

మా వద్ద కాయదా చదువుకున్న ఒక కుర్రవాని సంగతి చెబుతాము. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి వేడుకలో లైటింగ్ పనికి వెళ్ళి కరెంటు తగిలి చనిపోయాడు. మయ్యత్ ఇంకా ఇంట్లో ఉండగానే కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. 60 వేల రూపాయలు పెట్టి ఒక స్టాంపు కాగితం మీద అతని అన్నతో సంతకం చేయించుకున్నారు. వారం తరువాత పరామర్శకు వెళ్ళినప్పుడు ఆ అన్న మాతో అన్నాడు: “హజ్రత్, జో హువా సో హువా. తక్‌దీర్‌లో అంతే ఉంది. మాఫ్ కర్‌దియే.” పరదా వెనుక ఆ కుర్రవాని భార్య ఉంది. ఆమె వయసు 22. ఒడిలో 8 నెలల పాప.

ఆయన మాఫ్ చేశాడు. ఎవరి సొమ్మును? దియత్ మృతుని వారసులది. భార్య వాటా భార్యది, బిడ్డ వాటా బిడ్డది. యతీమ్ అయిన బిడ్డ సొమ్మును పెదనాన్న మాఫ్ చేయడానికి వీలులేదు, తల్లి కూడా చేయలేదు. ఇది మదరసాలో మూడవ సంవత్సరం విద్యార్థికి తెలిసిన మసలా. భారతదేశ చట్టం కూడా ఇదే చెబుతోందని మన పెద్దలకు తెలిసినట్లు లేదు. కోర్టులో ఉన్న దావాలో మైనరు తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతి ఉండాలి. పనివాడు మరణించిన సందర్భంలో 1923 నాటి చట్టం 8వ సెక్షను మరో అడుగు ముందుకు వేసింది. యజమాని పరిహారాన్ని కమిషనర్ వద్ద జమ చేయాలి తప్ప కుటుంబం చేతికి నేరుగా ఇచ్చి చేతులు దులుపుకోరాదు. అలా ఇచ్చినదానిని పరిహారంగా చట్టం గుర్తించదు, మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సును మాత్రం మినహాయించుకోనిస్తుంది. అంటే ఆ స్టాంపు కాగితం కేసును మూసివేయలేదు. ఈ మాట మేము అతనితో చెప్పాము. “జబాన్ ఇచ్చాము గదా హజ్రత్” అన్నాడు. క్లెయిమ్ వేయలేదు. చట్టం ఇచ్చిన రెండేళ్ళ గడువు దాటిపోయింది. ఆ పాప ఇప్పుడు బడికి పోతున్నది. ఫీజు జకాత్ కమిటీ కడుతున్నది.

“ఖూన్ కా పైసా తినము” అనే మాట కూడా తరచు వింటాము. మా అనుభవంలో ఈ మాట అనేవారిలో గల్ఫ్‌లో అన్నదమ్ములున్నవారు చాలామంది ఉంటారు. ఎమిరేట్స్‌లో పొరపాటున జరిగిన మరణానికి దియత్ 2 లక్షల దిర్హమ్‌లుగా చాలాకాలంగా నిర్ణయమై ఉంది. కరీంనగర్‌కో కడపకో చెందిన డ్రైవర్ అక్కడి రోడ్డుపై చనిపోతే ఆ సొమ్ము కోసం కుటుంబం రాయబార కార్యాలయం చుట్టూ తిరుగుతుంది. తిరగాలి కూడా. దుబాయిలో షరీఅత్ హక్కుగా తీసుకున్నదే హైదరాబాదులో సిగ్గుపడవలసిన సొమ్ము ఎలా అయింది?

కొందరు పరహేజ్‌గార్లు మరో సందేహం అడుగుతారు. బీమా కంపెనీ ఇచ్చే సొమ్ము జాయిజేనా అని. నష్టం చేసినవానిపై మనకు రావలసినది హఖ్, అతడు దానిని ఏ ఏర్పాటుద్వారా చెల్లించుకుంటాడన్నది అతని లెక్క అని మా ఉస్తాదులవద్ద నేర్చుకున్నాము. ఆలస్యమైనందుకు ట్రిబ్యునల్ కలిపి ఇప్పించే వడ్డీ విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ భాగాన్ని సవాబు ఆశించకుండా పేదలకు ఇవ్వమన్న ముఫ్తీలు ఉన్నారు. మీ ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. కాని వడ్డీ సందేహంతో అసలునే వదిలేయడం పరహేజ్‌గారీ అనిపించుకోదు.

అతిథిగా వెళ్ళి గాయపడినవారి మార్గం వేరు. డబ్బు చెల్లించి సేవ పొందినవాడు వినియోగదారుడు. బిల్లు స్నేహితుడు కట్టినా సరే, అతని అనుమతితో సేవ పొందినవాడూ వినియోగదారుడే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఎంత పరిహారం అడుగుతున్నామన్న దానినిబట్టి కాక ఎంత చెల్లించామన్న దానినిబట్టి ఏ కమిషన్ అన్నది తేలుతుంది. చెల్లించినది 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. అంటే 2 వేల రూపాయల బిల్లు చేతిలో ఉన్నవాడు కూడా పైసా ఫీజు లేకుండా పెద్ద మొత్తం అడగగలడు. సివిల్ కోర్టుకు పోతే అడిగిన మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు కట్టవలసి వస్తుంది. మన దేశంలో ఇటువంటి దావాలు తక్కువగా ఉండడానికి సిగ్గు ఎంత కారణమో ఈ ఫీజు కూడా అంతే కారణం.

యజమాని పరారైతే, దివాలా తీస్తే? గోవా క్లబ్బు యజమానులైన అన్నదమ్ములు ప్రమాదం జరిగిన కొన్ని గంటలలోనే థాయ్‌లాండ్ విమానం ఎక్కారన్నది, డిసెంబరు నెలలోనే వారిని అక్కడినుండి వెనక్కు తెచ్చారన్నది తెలిసిందే. సరిగ్గా ఇటువంటి ప్రమాదమే 2003 ఫిబ్రవరి 20 రాత్రి అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ‘ది స్టేషన్’ అనే నైట్‌క్లబ్బులో జరిగింది. లోపల కాల్చిన బాణసంచా గోడల మీది ఫోమ్‌కు అంటుకొని 100 మంది మరణించారు. అక్కడా యజమానులు ఇద్దరు అన్నదమ్ములే. వారు దివాలా తీశారు. బాధితులు అంతటితో ఆగలేదు. ఆ ఫోమ్ అమ్మినవారు, కార్యక్రమానికి తోడ్పడిన వ్యాపారులు, తనిఖీలో ఫోమ్‌ను చూసీ చూడకుండా పోయిన పట్టణ పాలకవర్గం, దానిపైనున్న రాష్ట్రప్రభుత్వం, అందరినీ బోనులోకి లాగారు. చివరకు కుదిరిన ఒప్పందాల మొత్తం సుమారు 17 కోట్ల 60 లక్షల డాలర్లు. ఇందులో పట్టణం, రాష్ట్రం చెరి ఒక కోటి డాలర్లు ఇచ్చాయి. “రాక్ సంగీతానికి వెళ్ళినవారికి మా పన్నుల సొమ్మా” అన్నవారు అక్కడా లేకపోలేదు.

మన దేశంలో ఈ దారిన నడిచినవారు ఢిల్లీలో ఉపహార్ సినిమాహాలు బాధితులు. 1997 జూన్ 13న ఆ హాలులో మంటల పొగకు 59 మంది చనిపోయారు. అదనపు కుర్చీలు వేసి దారులు మూసివేసినట్లు తేలింది. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న నీలమ్, శేఖర్ కృష్ణమూర్తి దంపతులు మిగిలిన కుటుంబాలను కూడగట్టి సంఘంగా నిలబడ్డారు. 2003లో ఢిల్లీ హైకోర్టు 20 ఏళ్ళు దాటిన మృతులకు 18 లక్షలు, అంతకు చిన్నవారికి 15 లక్షలు ఇవ్వాలన్నది. 2011లో సుప్రీంకోర్టు దానిని 10 లక్షలు, ఏడున్నర లక్షలకు తగ్గించింది. అంతకంటే మమ్మల్ని బాధించింది మరొకటి. లైసెన్సు ఇచ్చిన అధికారులను, మునిసిపల్ కార్పొరేషన్‌ను పరిహార బాధ్యతనుండి తప్పించింది. అనుమతి ఇచ్చేవాడు జేబునుండి ఏమీ తీయనవసరం లేనప్పుడు కళ్ళు మూసుకొని సంతకం పెట్టడానికి అతనికి అడ్డేమిటి? అర్పోరాలోని క్లబ్బుకు సరైన అగ్నిమాపక అనుమతి లేదని, దాని కట్టడంపై పంచాయతీ ఇచ్చిన కూల్చివేత ఉత్తర్వు పైఅధికారుల వద్ద నిలిచిపోయి ఉందని ప్రమాదం తరువాత అందరికీ తెలిసింది. ప్రమాదానికి ముందు తెలియవలసినవారికి తెలిసే ఉంది.

రోడ్డు సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాము, ఎందుకంటే ఇందులో మనవారికి కొంత అవగాహన ఉంది. 2024 మే 19 తెల్లవారుజామున పుణెలో పబ్బునుండి వస్తున్న మైనరు నడిపిన పోర్షే కారు ఇద్దరు యువ ఇంజనీర్లను చంపింది. ఆ మైనరును 300 మాటల వ్యాసం రాయమన్నారని దేశమంతా ఆగ్రహించింది, సంతోషం. కాని “ఆ అబ్బాయి, ఆ అమ్మాయి అర్ధరాత్రి బైకు మీద ఎక్కడికి పోతున్నారు” అని అడిగినవారూ ఉన్నారు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఈ ప్రశ్నకు చోటు లేదు. నడిపినవాడు తాగి ఉన్నాడా అన్నదానికి ఉంది. అందుకే ఆ రాత్రే రక్తపరీక్ష జరిగిందా, మెడికో లీగల్ కేసుగా నమోదైందా అని కుటుంబం పట్టుబట్టాలి. పుణెలో రక్తం నమూనానే మార్చివేశారన్న ఆరోపణపై వైద్యులు అరెస్టయ్యారు. ఢీకొట్టిన బండి దొరకకపోతే కూడా మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుండి ఉంది. దానికి దరఖాస్తు చేసే కుటుంబాలు మన మహల్లాలలో ఎక్కడ? ఇక లేని బండిని, లేని సాక్షిని సృష్టించి క్లెయిములు వేసే ముఠాలు కూడా ఉన్నాయి. 2021లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటువంటి దొంగ క్లెయిములపై సుప్రీంకోర్టు మండిపడింది, న్యాయవాదులు కొందరు సస్పెండ్ అయ్యారు. ఈ దొంగల మూలాన నిజంగా దెబ్బతిన్నవాడు కూడా బీమా ఆఫీసులో దొంగలా నిలబడవలసి వస్తున్నది.

ఇంతవరకు మనం హక్కు అడిగేవారి వైపు నిలబడి మాట్లాడాము. కాని మన రాత్రుల సంగతేమిటి? పబ్బులు మనవి కావని నిశ్చింతగా ఉన్నాము. పాతబస్తీలో షాదీఖానాల దీపాలు రాత్రి 1 గంటకు కూడా ఆరవు. బారాత్‌లో బాణసంచా, మర్ఫా, డి.జె., వాకిటి నిండా థర్మోకోల్ అలంకరణ, పట్టు తెరలు, వెనుక డేగ్‌ల క్రింద గ్యాసు సిలిండర్లు, స్త్రీల వైపు పరదాకోసం మూసివేసిన రెండవ ద్వారం. అర్పోరాలో ఉన్నవేమిటి, ఇక్కడ లేనివేమిటి? ఇక్కడ మద్యం లేదు, అంతే. నిప్పుకు అది అక్కరలేదు.

ఈ హాళ్ళ యజమానులలో, క్యాటరింగ్ నడిపేవారిలో మనవారు చాలామంది ఉన్నారు. జుమా రోజు ముందు వరుసలో కూర్చునేవారే. వారి రసీదు పుస్తకాల వెనుక చిన్న అక్షరాలతో ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది, ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదని. ఆ వాక్యానికి ఎంత విలువ ఉందో వారు తెలుసుకోవడం మంచిది. ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్లో అతిథి అప్పగించిన కారు దొంగిలించబడితే, పార్కింగ్ చీటీపై ‘యజమాని పూచీ మీదనే’ అని ఉందిగదా అని హోటలు వాదించింది. తన నిర్లక్ష్యం ఉన్నచోట ఆ చీటీ వెనుక దాక్కోలేరని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కారుకే పనికిరాని చీటీ పెళ్ళికి వచ్చిన ఆడబిడ్డ ప్రాణానికి పనికివస్తుందా?

వచ్చే నెల షాదీలకు ఇప్పటికే హాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఎ.సి. ఎన్ని టన్నులని, డైనింగులో ఎన్ని కుర్చీలని అడుగుతున్నారు. స్త్రీల వైపు రెండవ ద్వారం తాళంచెవి ఆ రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో, పనివారికి బీమా ఉందో లేదో కూడా అడిగి, జవాబును అదే రసీదు మీద రాయించుకోండి.